పేరు పిలిచేక మనిషి రావాల

సెమిలిగుడ సంతలో అల్లం బేరమాడుతూ ఉండగా తెలిసింది నాకు, మైకు మావయ్య పోయేడని.

నేను ఒడిశాలోనే రాయగడ బదిలీ అయి వచ్చేసేక సెమిలిగుడ వెళ్లడం బాగా తగ్గిపోయింది. ఆ రోజు బేంకు పని మీద వెళ్లి, ఎలాగూ వచ్చేను కదా, ఇక్కడి అల్లం ఘాటు ఇంకెక్కడా దొరకదు కదా అని సంతలో దూరేను. పక్క కిరాణా కొట్టు కోడలు నన్ను పోల్చుకుని, "ఏటి టీచరమ్మా, అంత తీరిగ్గా బేరాలాడతన్నారు! మైకు మావ పోయేడు, తెల్దేటి మీకు?" అంది. మొన్న వానల్లోనట. మజ్జానం అన్నం తిని నడుం వాల్చి, మరి లేవలేదట.

నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "హమ్మయ్య". ఆ పిల్ల నాకేసి వింతగా చూసింది. నాలిక కరుచుకున్నాను గానీ, అబద్ధం ఎందుకూ, నిజంగానే హమ్మయ్య అనిపించింది. చివరికొచ్చేసరికి ఆయనకి రెండు చెవులూ పూర్తిగా పోయేయి. మంచాన పడతాడేమో, ఇంకొకళ్ల చేత నీళ్లు పోయించుకునే రోజు వస్తుందేమో, ఆ రోషం మనిషి దాన్ని ఎలా పడతాడో అని రాయగడలో కూచుని బెంగపడేదాన్ని. అలాంటిదేమీ లేకుండా, కడుపునిండా తిని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయేడు. ఇంతకన్నా ఏటి కావాలి మనిషికి?

"పెద్దకర్మకి మైకు పెట్టలేదమ్మా" అంది మళ్లీ ఆ కోడలు, గొంతు తగ్గించి. "ఊళ్లో అందరి సావులకీ బాకా కట్టినోడు కదా. కొడుకులు మర్సిపోనారు. పదిమందీ అదే సెప్పుకున్నారు." నాకు నవ్వొచ్చేసింది. ఆయనే గనక ఉండుంటే, వడ్డన మధ్యలో విస్తరి ముందు నుంచి లేచిపోయి ఉండును.

ఆయనకి పేరు లేదని కాదు. కొట్టు బోర్డు మీద ఉండేది, 'సౌండ్ సర్వీస్' అన్న మాటల ముందు. అయితే కోరాపుట్ వానలకి బోర్డులో ఆ ముక్క చెరిగిపోయి, సౌండూ సర్వీసూ మిగిలేయి. ఆంధ్రావాళ్లకి ఆయన మైకు మావ. ఒడియావాళ్లకి మైకు బాబు. కొండవాళ్లకి మాత్రం 'ఎలో'. ఎక్కడ బాకా కట్టినా మొదట వినిపించేది ఆ మాటే కదా మరి. మా నాన్నది బొబ్బిలి పక్క, ఆయనదీ బొబ్బిలి పక్కే. ఆ ఒక్క ముక్క చాలింది ఆయనకి. మొదటిసారి చూసిన రోజే నన్ను తనింటి పిల్లలా 'అమ్మి' చేసేసుకున్నాడు, నా చేత మావయ్యా అనిపించేసుకున్నాడు.

ఎండైనా వానైనా నెత్తిమీద కోతి టోపీ. నోట్లో జర్దా కిళ్లీ. బాకాల పక్కన నిలబడి నిలబడి ఒక చెవి అప్పటికే పోయింది, రెండోది సగం. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. "నాకు సెవుడేటి? మీకే గొంతుల్నేవు. గాలి తిని బతుకుతన్నారు!" అని. మైకు మూతికి వాళ్లావిడ పాత చీర ముక్క కట్టేవాడు. దాన్ని ఎవరైనా ఫూ అని ఊదితే ఊరుకునేవాడు కాడు. "దీపాన్ని ఊదుతావేటి? దీన్నీ ఊదకూడదు" అని గోటితో టకటకమని రెండుసార్లు తట్టి చూపించేవాడు. తరవాత ఎలో, ఎలో. ఆ తరవాత మైకు ఎవరికో ఇచ్చి మాట్లాడుతూ ఉండమని, తను దూరంగా నడుచుకుంటూ వెళ్లి ఏ ఇంటి గోడకో అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. గోడ అదిరితే శబ్దం అందినట్టు. చెవులు చేసే పని చేతికి అప్పచెప్పేసేడన్నమాట.

ఇంకో చాదస్తం. మైకు తెరిస్తే ముందు సన్నాయి మోగాల్సిందే. పెళ్లికి సరే, గృహప్రవేశానికి సరే. ఓట్ల మీటింగుకీ సన్నాయే. ఓసారి రేపు కుళాయి నీళ్లు రావని ఊరంతా చాటమని పిలిస్తే, బజారు బజారునా బండి ఆపి, మంగళవాయిద్యం వినిపించి, అప్పుడు "రేపు నీళ్లు రావు" అని చెప్పించేడు. "అదేటి మావయ్యా, నీళ్లు రాకపోవడం శుభవార్తా?" అంటే, "సన్నాయి నేకండా బాకా నోరు తెరిస్తే సెడ్డది అమ్మి. నీళ్లు ఎల్లుండొస్తాయి, సెడ్డ పేరు పోదు" అన్నాడు.

మైకు పుచ్చుకున్నవాళ్లందరికీ ఒకటే పాఠం. "మింగీకు బాబూ, అది లడ్డూ కాదు." పంతులైనా, పెసిడెంటైనా అదే మాట. తాగినవాడికి మైకు చిక్కితే తీగ పీకేసి, "కరెంటు పోనాది" అనేవాడు. నెత్తిమీద బల్బులు వెలుగుతూనే ఉండేవి. తాగినవాడు పైకి చూసి, "పోతే పోనాదిలే" అని దిగిపోయేవాడు.

ఆయన అసలు దర్జా అంతా చదివింపుల దగ్గర చూడాలి. ఇక్కడి మన కోమట్ల పెళ్లిళ్లలో కానుకలు ఎవరెవరు ఇచ్చేరో మైకులో చదవడం మామూలే. మిగతా ఊళ్లలో గబగబా పేర్లు చదువుకుంటూ పోతారు. ఈయన అలాక్కాదు. ఊరు, ఇంటిపేరు, మనిషి పేరు తీరుబడిగా చదివి, ఆగేవాడు. ఆ మనిషి జనంలోంచి లేచి వచ్చి, పెళ్లివారి చేతిమీదుగా తాంబూలం పుచ్చుకుని, నలుగురివైపూ తిరిగేదాకా రెండో పేరు చదివేవాడు కాదు. మా ఆడపడుచు పెళ్లిలో ఒక ముసలత్త పేరు చదివేసరికి ఆవిడ పెరట్లో చేతులు కడుక్కుంటోంది. హాలంతా ఎదురుచూసింది. అవతల బంతికి విస్తళ్లు వేసేసేరు, సాంబారు చల్లారిపోతోంది, మా మావగారు పళ్లు నూరుకుంటున్నారు. ఈయన కదలడే! ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చేక అప్పుడు నిమ్మళంగా తరవాత పేరు చదివేడు.

"మనిషిని పిలిసి, ఆ మనిషి వచ్చీలోపల మొహం తిప్పీసుకుంటావేటి? పేరు పిలిచేక మనిషి రావాల. వచ్చీదాకా మనం ఉండాల" అన్నాడు, మా మావగారు తిట్టబోతే.

ఒక పెద్ద షావుకారు ఓసారి నిలదీసేడట, "నా పేరూ, మా కొట్లో మూటలు మోసినవాడి పేరూ ఒకే గొంతుతో సదువుతావేటి?" అని. "నాకున్నది ఒకే గొంతు బాబూ, రెండోది ఉంటే మీకే ఇచ్చీవాణ్ణి" అన్నాడట ఈయన. ఆ మరుసటేడు ఆ ఇంటి పెళ్లికి డీజే బాక్సులు తెప్పించుకున్నారు. ఈయన వారం రోజులు వచ్చినవాడికీ పోయినవాడికీ డీజే బాక్సుల్ని తిట్టిపోసేడు. "గుండెల మీద గుద్దినట్టు ఆ సప్పుడేటి? పెళ్లేటి, దొమ్మీ ఏటి?" అని. గొప్ప మనిషి అని చెప్పడం లేదు నేను. పంతం, అహంకారం, కిళ్లీ మరకలు, అన్నీ ఉండేవి.

అంతలో కరోనా వచ్చిపడింది. పెళ్లిళ్లు లేవు, సంతలు లేవు, బళ్లు లేవు.

నేను అప్పుడు అక్కడి సర్కారు హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఒడియా మీడియం. ఫోన్లో పాఠాలు చెప్పమన్నారు. హెడ్మాస్టరు వాట్సాప్ గ్రూపొకటి పెట్టేడు. గ్రూపులోకి వచ్చినవాళ్లు ఎవరంటే కొట్లవాళ్ల పిల్లలూ, ఫేక్టరీ స్టాఫు పిల్లలూ. మిగతా క్లాసంతా కొండల మీది పిల్లలు. వాళ్ల ఊళ్లలో ఫోనుంటే సిగ్నలు లేదు, అసలు ఫోనున్న ఇల్లే తక్కువ. అయినా హెడ్మాస్టరు పైకి, "క్లాసులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి" అని రాసి పంపేడు. ఆ బ్రహ్మాండంలో కొండలు లేవు కాబోలు అనుకున్నాను.

మా ఇంట్లోదీ ఒక భాగోతమే. మా ఆయన ఫోను ఆయనతో పాటు డ్యూటీకి పోతుంది. ఇంట్లో మిగిలింది నాదొక్కటే. మా అమ్మాయి చదివేది టౌన్‌షిప్ ఇంగ్లీషు బడిలో. దాని క్లాసూ పొద్దున్న పదింటికే, నేను చెప్పాల్సిన క్లాసూ పదింటికే. అది చదువుకుంటే నా బడి లేదు, నా బడి నడిస్తే దానికి చదువు లేదు. చివరికి కన్నకూతురు గెలిచింది. నేను చేతులు నలుపుకుంటూ వంటింట్లో నిలబడేదాన్ని.

ఒకనాడు ఆ ఫోను చార్జరు తీగ తెగితే అతికించుకుందామని మైకు మావయ్య కొట్టుకి వెళ్లేను. ఆయన గడప మీద కూచుని ఈగలు తోలుకుంటున్నాడు. వెనక బాకాలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒకటి మాత్రం వెల్లకిలా ఉంది, అందులో గడ్డి, గడ్డిలో ఒక కోడిపెట్ట.

"సూడమ్మి నా ఖర్మ! బాకాలో కోడి పొదుగుతోంది. యాంప్లీఫైరుకి సెమ్మ ఎక్కీసినాది. మోగించకపోతే సచ్చిపోతాది. ఏ యెదవ పెళ్లైనా సరే, ఒక్కటి తగిలితే బాగున్ను."

నేను నా గోడు చెప్పుకున్నాను. కొండ పిల్లలు ఒక్కరూ క్లాసుకి అందడం లేదని, వాళ్లకి బడి అన్నది ఒకటుందన్న సంగతే మర్చిపోతున్నారని. ఆయన వింటున్నాడో లేదో తెలీదు, తీగ అతికిస్తున్నాడు. అతికించడం అయ్యేక తలెత్తేడు.

"నాకు పెళ్లిళ్లు నేవు, నీకు బడి నేదు. ఇద్దరం సెరో గడపలో కూకుని ఈగలు తోలుకోడం ఎందుకు? నీ పాఠం బాకాలో సెప్పు. కొండ మీద పనసచెట్టుకి బాకా కడితే, ఆ కొండా ఇనపడతాది, ఈ కొండా ఇనపడతాది. పిల్లలు ఎవళ్ల అరుగు మీద ఆళ్లు కూకుంటారు. రోగం అంటదు."

"హెడ్మాస్టరు ఒప్పుకుంటాడేటి మావయ్యా?"

"ఆయనకి ఇనపడదులే, అంత దూరం" అన్నాడు. అద్దె మాట ఎత్తలేదు గానీ, షరతు మాత్రం పెట్టేడు. పెళ్లి భోజనాలు ఎటూ లేవు కాబట్టి రోజూ కేరేజీ నేనే తేవాలి. తెచ్చేను కూడా. ఒక్కనాడైనా బాగుందన్న పాపాన పోలేదు. "ఉప్పు నేదు. పులుసులో ఉప్పు ఎయ్యడానికి కూడా లెక్కలేస్తావేటి?" అనేవాడు.

మొదటిరోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పొట్ట చెక్కలవుతుంది. మూడు చక్రాల బండిలో బేటరీ, బాకా, నల్లబల్ల వేసుకుని కొండ మీది ఊరికి వెళ్లేం. ఊరి మధ్య కళ్లం, పక్కన పనసచెట్టు. బాకా కట్టేడు, మైకు మూతికి కొత్త చీర ముక్క చుట్టేడు, ఇది దానికి మాస్కట, తన మాస్కు మాత్రం గడ్డం కింద వేలాడుతోంది. నేను సుద్దముక్క పట్టుకుని బీజగణితం మొదలెడదామని గొంతు సవరించుకుంటున్నాను. ఆయన మామూలుగా మీట నొక్కేసేడు. సన్నాయి!

కొండ కొండంతా సన్నాయి మోగిపోయింది. మోగుతోంటే జనం దిగడం మొదలెట్టేరు. ఆడవాళ్లు తల దువ్వుకుని, కొప్పుల్లో పూలు పెట్టుకుని. ఒక ముసలాయన భుజాన డప్పు. ఒకావిడ చంకలో కోడిపెట్ట. ఎన్ని నెలలయిందో పాపం పెళ్లి భోజనం మొహం చూసి! పిలుపు రాకపోతేనేం, బాకా పిలిచింది కదా అని వచ్చేసేరు. ఎవరిదో పెళ్లి అనుకుని వచ్చి చూస్తే, కళ్లంలో నల్లబల్ల పక్కన నేను.

"ఎవరి పెళ్లి?" అని కొండవాళ్ల దేశియా భాషలో అడిగేడు డప్పు ముసలాయన.

"పెళ్లి కాదు, బడి" అన్నాడు మావయ్య మైకులో. మైకులో ఆయన తెలుగూ ఒడియా దేశియా కలిపి రోట్లో వేసి రుబ్బేవాడు. చిత్రం, అందరికీ అర్థమయ్యేది.

"బడికి సన్నాయి ఎందుకు?"

"ఏం, బడికి ఉండకూడదేటి?"

ముసలాయన ఆలోచించి, ఉండొచ్చులే అన్నట్టు తల ఊపేడు. నేను అందర్నీ బతిమాలి, దూరం దూరంగా ఎవరి అరుగుల మీద వాళ్లని కూచోబెట్టేను. ముస్తాబై వచ్చేరు కదా, తిరిగి వెళ్లబుద్ధి కాలేదు ఎవళ్లకీ. పిల్లల వెనకాల అమ్మలూ తాతలూ కూచుని బీజగణితం విన్నారు. చిక్కంతా కోడిపెట్ట దగ్గర వచ్చింది. సన్నాయి మోగిన చోటికి తెచ్చిన కానుక వెనక్కి తీసుకెళ్లకూడదంది ఆవిడ. మావయ్య పెట్టని అందుకుని, మైకు దగ్గరికి జరిగి, పెళ్లి గొంతుతో ఎత్తుకున్నాడు. "ఈ ఊరి వాస్తవ్యులు బుదు గారి ఇల్లాలు, మన బడికి కోడిపెట్ట కానుక!"

ఆ ఇల్లాలి మొహం చూడాలి. ఎదురు కొండ మీద పొలంలో ఉన్నవాళ్లు నడుం ఎత్తి ఇటు చూసేరు. సెమిలిగుడలో షావుకార్ల పేర్లు అలా మోగడం ఆవిడ విని ఉంటుంది. తన ఇంటి పేరు మోగుతుందని కల్లోనైనా అనుకుని ఉండదు. మర్నాడు బుదు తనే వచ్చేడు, పెట్టెలోంచి తీసిన చొక్కా మడతలతో సహా తొడుక్కుని. పేరు మోగిన చోట కాసేపు నిలబడి వెళ్లేడు.

ఆ రోజునుంచీ మావయ్యకి అదొక పనైపోయింది. హాజరు ఆయనే పిలిచేవాడు. "ఫలానా ఊరు, ఫలానా వారి అమ్మాయి, ఫలానా." పిలిచేక ఆగేవాడు. పిల్లో పిల్లాడో అరుగు దిగి, మైకు దగ్గరికి వచ్చి, నేను అడిగిన లెక్కకి జవాబు చెప్పి, ఊరి వైపు తిరిగి వెళ్లాలి. ఆ తరవాతే రెండో పేరు. పాఠం సాగక నేను విసుక్కునేదాన్ని. "అమ్మి, నీకు పాఠం తొందర. ఆ గుంటకి పేరు తొందర" అనేవాడు. చూస్తూండగా ఎదురు కొండ పిల్లలు కూడా మధ్యన పారే గెడ్డ దాటి రావడం మొదలెట్టేరు, వాళ్ల పేర్లు కూడా పిలిపించుకోడానికి.

బుదు కూతురు చంపా తొమ్మిదో తరగతి. లెక్కల్లో గొప్పదేమీ కాదు, ప్లస్సు చూసి మైనస్సు చేసే రకం. గొంతు మాత్రం ఖంగుమనేది. "ఈ గుంటకి బాకా అక్కర్నేదు, దీన్నే సెట్టుకి కట్టీవచ్చు" అని మావయ్య మురిసిపోయేవాడు. పాఠం అయ్యేక తీగ చుట్టడం దాని పని. ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చేది కాదు.

ఒకరోజు తీగ చుడుతూ చుడుతూ, "గురుమా, రేపు నేను రాను" అంది. దక్షిణాన ఎక్కడో నూలు మిల్లట. ఏజెంటు వచ్చేడు, నాన్న మాట ఇచ్చేసేడు, పొద్దున్నే కింద రోడ్డు మీదికి జీపు వస్తుంది. అంతకుముందు దాని పెద్దనాన్న కూతురు అలాగే వెళ్లింది, దగ్గుతో వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. "నాకు వెళ్లాలని లేదు గురుమా" అంది చంపా. ఏడవలేదు. తీగ మాత్రం చుట్టిందే చుడుతోంది.

నేను అప్పటికప్పుడే బుదు ఇంటికి వెళ్లేను. అరుగు మీద కూచోబెట్టి మర్యాదగానే మాట్లాడేడు.

"మీ అమ్మాయి ఇంట్లో ఫోన్లో చదువుతోందట కదా గురుమా?"

"అవును."

"ఫోను పిల్లలూ బాకా పిల్లలూ పరీక్ష ఒకటే రాస్తారా?"

"ఒకటే."

"కాయితం కూడా ఒకటేనా?"

"ఒకటే బుదూ."

"మరింకేం లాభం?" అన్నాడు.

ఇంకా చిన్నపిల్ల కదా అన్నాను, నేను ఇంటికొచ్చి చెప్తానన్నాను, మిల్లులో ఏమవుతుందో నీకు తెలుసు కదా అన్నాను. "మాట ఇచ్చేసేను" అన్నాడు. ఆ మనిషి చెడ్డవాడైతే తిట్టి వచ్చేదాన్ని. చెడ్డవాడు కాడు, అదే నా బాధ. బండిలో కొండ దిగుతూ మావయ్యకి చెప్పేను. బండి చప్పుడులో విన్నాడో లేదో, కిళ్లీ నములుతూ కూచున్నాడు.

మర్నాడు కళ్లానికి వెళ్లేసరికి కింద రోడ్డు మీద, కల్వర్టు పక్కన, జీపు ఆగి ఉంది. కొండ మీంచి బొమ్మలా కనిపిస్తోంది. దాని దగ్గర ముగ్గురు మనుషులు. ఒకటి చంపా అని దాని ఎర్ర గౌను చూస్తే తెలుస్తోంది. ఈ వేళ పాఠం వద్దు మావయ్యా అందామనుకున్నాను. ఆయన సన్నాయి వేసేసేడు.

పేర్లు మొదలెట్టేడు. ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చి జవాబు చెప్పి వెళ్లేరు. తరవాత, "ఈ ఊరి వాస్తవ్యులు బుదు గారి అమ్మాయి, చంపా."

ఆగేడు.

అరుగుల మీద ఎవరూ కదల్లేదు. "మావయ్యా, అది రాదు, తరవాత పేరు చదువు" అన్నాను. చెవి చూపించి, వినపడ్లేదన్నట్టు చెయ్యి ఊపేడు. మళ్లీ పిలిచేడు. గొంతు పెంచలేదు, కోపం లేదు, పెళ్లిలో ముసలత్తని పిలిచినట్టే పిలిచేడు. "బుదు గారి అమ్మాయి, చంపా. మైకు దగ్గరికి రావాల." మళ్లీ ఆగేడు. బాకా మూతి కింద రోడ్డు వైపు తిరిగి ఉందని అప్పుడు చూసేను. ఎప్పుడు తిప్పేడో!

అరుగుల మీద గుసగుసలు మొదలయ్యేయి. డప్పు ముసలాయన లేచి నిలబడి కిందికి చూసేడు. ఆయన్ని చూసి ఇంకొకరు. ఎదురు కొండ మీద పని ఆపేసి జనం ఒక్కొక్కరే గట్ల మీదికి వచ్చి నిలబడుతున్నారు. బుదు పేరు పిలుస్తున్నారు, బుదు రావడం లేదు, ఏమైందని. కింద జీపువాడు హారను కొట్టేడు. మావయ్య ఇంకోసారి పిలిచేడు. వాడు ఇంకోసారి కొట్టేడు. బాకా ముందు వాడి హారనెంత!

మా పిల్లలు మిగతావాళ్లు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూచున్నారు. ఒక్కరూ నా పేరు ఎప్పుడని అడగలేదు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను, ఏ దేవుడో కూడా గుర్తులేదు.

ఎంతసేపో తెలీదు. రోడ్డు మీంచి ఎర్ర గౌను విడివడింది. గట్టు ఎక్కింది. పరుగు. దాని వెనకాల బుదు, నెత్తిమీద దాని బట్టల మూటతో, నడిచి వస్తున్నాడు.

చంపా రొప్పుతూ వచ్చి మైకు ముందు నిలబడింది. నేను అడగాల్సిన లెక్క నా బుర్రలో లేదు. ఏదో ఎక్స్ విలువ అడిగేను. అది ఊపిరి కూడా పీల్చుకోకుండా ఖంగుమని జవాబు చెప్పింది. రెండు కొండలకీ వినిపించింది. తప్పు జవాబు. ప్లస్సు మైనస్సు మళ్లీ తారుమారు.

ఒప్పో తప్పో ఎవడిక్కావాలి ఆ పూట! బళ్లు తెరిచేక అది పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడు జయపురంలో డిగ్రీ చదువుతోంది, లెక్కలు కాదు, చరిత్ర. లెక్కల మొహం చూడనని నాతోనే చెప్పింది. ఆ జీపు ఆ రోజు ఖాళీగా వెళ్లలేదని కూడా తరవాత తెలిసింది. అవతలి కొండల మీంచి వేరే పిల్లల్ని ఎక్కించుకుందట. ఆ కొండల మీద పిలిచేవాడు లేడు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ పూటకి మాత్రం నా భయమంతా బుదు గురించే. మూట కళ్లంలో దింపి, మొహం ముడుచుకుని నా దగ్గరికి వచ్చేడు. మళ్లీ తీసుకుపోతానంటాడేమో, ఊరి ముందు పరువు తీసేరని తిడతాడేమో అనుకున్నాను.

"ఎన్నిసార్లు పిలుస్తారు గురుమా? చచ్చినవాణ్ణి కూడా ఇన్నిసార్లు పిలవరు" అన్నాడు. వెనక్కి తిరిగి కింద జీపు కేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించేడు. "రేపు కూడా పిలవమనండి. పిలవకపోతే వాడు మళ్లీ వస్తాడు. కొండంతా పిలుస్తూంటే నేనెలా పంపను అని చెప్పుకోడానికి నాకో మాట ఉండాలి కదా."

మావయ్య చెవి నావైపు వంచేడు. "ఏటంటన్నాడు?"

"రేపు కూడా పిలవమంటన్నాడు మావయ్యా" అన్నాను.

"ఆఁ?"

ఆ చెవిలో నోరు పెట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచేను. "రేపు కూడా పిలవమంటన్నాడు! రోజూ పిలవమంటన్నాడు!"

ఆయన చేతిలో మైకు తెరిచే ఉంది. నా కేక బాకాలోంచి దూకి, ఎదురు కొండకి తగిలి, వెనక్కి వచ్చింది. తరవాత ఎదురు కొండ గట్ల మీంచి ఎవరో ఓయ్ అని నవ్వేరు. అరుగుల మీద ఆడవాళ్లు నవ్వేరు. బుదు తల వంచుకున్నాడు, తల వంచుకునే నవ్వేడు. కింద జీపు స్టార్టయి, వెనక్కి తిరిగి, పెద్దరోడ్డు వైపు వెళ్లిపోయింది.

నేను ఉన్నచోటే చతికిలబడి, పిల్లలందరూ చూస్తున్నారన్న సిగ్గైనా లేకుండా, భోరుమని ఏడ్చేసేను. మావయ్య మైకు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, నామీదికి వంగేడు.

"బేగి ఏడిసీ అమ్మి, తరవాత పేరు పిలవాల."